టికెట్ మీద పదకొండు గంటలు, ప్రయాణం ఇరవై మూడు: విమాన దూరం, సమయం లెక్క కట్టడం ఎలా

మా మేనత్త మొదటిసారి డల్లాస్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తున్నప్పుడు టికెట్ ప్రింట్ తీసి చేతికిచ్చాను. హైదరాబాద్‌లో రాత్రి 9:40కి బయలుదేరడం, మర్నాడు డల్లాస్‌లో పొద్దున 8:50కి దిగడం. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, వేళ్ళ మీద లెక్కపెట్టి, "పదకొండు గంటలేగదరా! ఖమ్మం నుంచి తిరుపతికి రైల్లో పోయినట్టే. ఒక నిద్ర తీస్తే తెల్లారిపోద్ది" అంది. మధ్యలో దుబాయ్‌లో విమానం మారడం కూడా ఆ పదకొండులోనే అనుకుంది.

అసలు ప్రయాణం 22 గంటల 40 నిమిషాలు. మిగతా సగం ఎక్కడ దాక్కుందో అప్పుడు ఒక పాత పెళ్ళిపత్రిక కవరు వెనక రాసి చూపించాను. అదే లెక్క ఇప్పుడు మీకు, కాస్త విడమర్చి. కావాల్సినవి ఫోను, పెన్ను, పది నిమిషాలు.

1. ముందు ఎయిర్‌పోర్ట్ కోడ్ చూసుకోండి

ఊరి పేరు కొట్టి దూరం వెతకకండి. ప్రతి విమానాశ్రయానికీ మూడక్షరాల కోడ్ ఉంటుంది, దాన్ని కొట్టండి. మన శంషాబాద్‌ది హెచ్‌వైడి. పాకిస్తాన్ సింధ్‌లో ఇంకో హైదరాబాద్ ఉంది, దాని కోడ్ హెచ్‌డిడి. వెతికే పెట్టెలో "హైదరాబాద్" అని సగం కొట్టి, కింద వచ్చినదాన్ని చూడకుండా నొక్కితే దుబాయ్ ఇంత దగ్గరా అని ఆశ్చర్యపోతారు. శాన్ హోజే సంగతీ అంతే: మన పిల్లలు ఉద్యోగాలు చేసే కాలిఫోర్నియా శాన్ హోజే ఎస్‌జేసీ, కోస్టారికా దేశ రాజధాని శాన్ హోజే ఎస్‌జేఓ.

ఒకే ఊరికి రెండు మూడు విమానాశ్రయాలుంటే ఇంకో చిక్కు. దుబాయ్‌లో పాత పెద్ద విమానాశ్రయం డిఎక్స్‌బి, ఎడారి వైపున్న అల్ మక్తూమ్ డిడబ్ల్యుసి. లండన్‌లో హీత్రో, గాట్విక్ రెండూ పెద్దవే. ఒకదాంట్లో దిగి ఇంకోదాంట్లో ఎక్కాల్సి వస్తే రోడ్డు మీద గంటకు పైనే. తక్కువ ధరకు దొరికిందని బుక్ చేసిన టికెట్‌లో ఇలాంటి మెలిక ఉందేమో ముందే చూసుకోండి.

2. దూరం కట్టండి

సులువు దారి: కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, మొదటి విమానాశ్రయం మీద మౌస్ కుడి బటన్ నొక్కితే దూరం కొలిచే ఆప్షన్ వస్తుంది. తర్వాత రెండో విమానాశ్రయం మీద నొక్కండి. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైట్‌లో రెండు కోడ్‌లు కొట్టినా చాలు, దూరంతో పాటు దారి గీత కూడా వస్తుంది. అక్కడ వచ్చే అంకె మైళ్ళా, నాటికల్ మైళ్ళా, కిలోమీటర్లా చూసుకోండి. మైలు 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలు 1.852. హైదరాబాద్-దుబాయ్ దూరం ఒకచోట 1,580 అనీ, ఇంకోచోట 1,375 అనీ, మరోచోట 2,550 అనీ కనిపిస్తే మూడూ నిజమే.

ఆ గీత మ్యాప్ మీద వంకరగా ఎందుకుంటుందని చాలామంది అడుగుతారు. ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఒక దారం తీసుకోండి. ఒక కొస హైదరాబాద్ మీద, ఇంకో కొస డల్లాస్ మీద పెట్టి బిగుతుగా లాగండి. దారం తనంతట తనే జారుకుంటూ పోయి ఉత్తర ధ్రువానికి కొద్ది దూరంలో ఆగుతుంది. గుండ్రటి భూమి మీద అదే దగ్గరి దారి. గోడ మీది మ్యాప్ బల్లపరుపు కాబట్టి మన కంటికి యూరప్, అట్లాంటిక్ మీదుగా అడ్డంగా పోవడమే తిన్నగా అనిపిస్తుంది.

చేత్తో కట్టాలని సరదా ఉన్నవాళ్ళకి (నాకుంది) లెక్క ఇది. ఫోన్‌లో సైంటిఫిక్ కాలిక్యులేటర్ తెరవండి. అది డిగ్రీల్లో ఉందో లేదో చూడండి, రేడియన్లలో ఉంటే సమాధానం గంగలో కలిసినట్టే. రెండు చోట్ల అక్షాంశం, రేఖాంశం రాసుకోండి. గూగుల్ మ్యాప్స్‌లో ఆ చోటు మీద వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే ఇవి కనిపిస్తాయి.

శంషాబాద్: 17.23, 78.43
దుబాయ్: 25.25, 55.36

రేఖాంశాల తేడా 23.07. ఇప్పుడు రెండు అక్షాంశాల సైన్‌లను గుణించండి: 0.2962 × 0.4266 = 0.1264. తర్వాత రెండు అక్షాంశాల కొసైన్‌లు, రేఖాంశాల తేడా కొసైన్, ఈ మూడింటినీ గుణించండి: 0.9551 × 0.9045 × 0.9200 = 0.7948. రెండూ కలిపితే 0.9212 వస్తుంది. దానికి కొసైన్ ఇన్వర్స్ నొక్కితే దాదాపు 22.9 డిగ్రీలు. భూమి మీద ఒక డిగ్రీ అంటే సుమారు 111.2 కిలోమీటర్లు. గుణిస్తే 2,550కి కాస్త అటూ ఇటూగా వస్తుంది.

అమెరికా ఊళ్ళకి కట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త. పశ్చిమ రేఖాంశానికి ముందు మైనస్ ఉంటుంది. డల్లాస్‌ది −97.04. తీసివేతలో మైనస్‌కి మైనస్ ప్లస్ అవుతుంది కాబట్టి 78.43కీ దానికీ తేడా 175.47. ఇది మర్చిపోతే డల్లాస్ కాస్తా టిబెట్ దగ్గర్లో తేలుతుంది.

ఈ లెక్కన హైదరాబాద్-విశాఖ 510 కిలోమీటర్లు, హైదరాబాద్-ఢిల్లీ 1,260, హైదరాబాద్-సింగపూర్ 3,310, హైదరాబాద్-డల్లాస్ సుమారు 14,400. మధ్యలో దిగే ఊరు దారిలోనే ఉందా, చుట్టు తిరుగుడా అన్నది కూడా దీంతోనే తెలుస్తుంది. దుబాయ్ నుంచి డల్లాస్ దాదాపు 12,900. దానికి మన 2,550 కలిపితే 15,450. అంటే దుబాయ్ మీదుగా వెళ్తే అదనంగా పడేది వెయ్యి కిలోమీటర్లే, ఆ దూరానికి అది పెద్ద చుట్టు కిందకి రాదు. అదే సింగపూర్ మీదుగా అమెరికా టికెట్ చవగ్గా కనిపిస్తే ముందు ఈ కూడిక వేసి చూడండి.

3. దూరాన్ని గంటల్లోకి మార్చండి

నేను వాడే సూత్రం ఇది: కిలోమీటర్లను 800తో భాగించి, అరగంట కలపడం.

పైకెక్కాక ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 లాంటివి గంటకు 830 కిలోమీటర్ల ప్రాంతంలో, పెద్ద 777, 787లు 900 ప్రాంతంలో పోతాయి. కానీ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ వేగం ఉండదు. రన్‌వే దాకా పాకడం, వరసలో నిలబడడం, దిగే ముందు గాల్లో ఒకటి రెండు చక్కర్లు, అన్నీ ఆ అరగంటలో సర్దుకుంటాయి.

విశాఖకు: 510ని 800తో భాగిస్తే 38 నిమిషాలు, అరగంట కలిపితే గంటా పది నిమిషాలు. ఢిల్లీకి రెండు గంటల ఐదు నిమిషాలు. దుబాయ్‌కి మూడు గంటల నలభై. టైమ్‌టేబుల్‌లో ఇంకో పది పదిహేను నిమిషాలు ఎక్కువ కనిపిస్తే కంగారు పడకండి. సంస్థలు కావాలనే కాస్త వదులు పెట్టుకుంటాయి. "మనం ఇరవై నిమిషాల ముందే చేరుకున్నాం" అని పైలట్ గొప్పగా చెప్పేది ఆ వదులులోంచి వచ్చినదే.

టికెట్ మీది సమయం విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగే దాకా. చక్రాలు నేల వదలడం, నేల తాకడం కాదు. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు.

రాజమండ్రి, కడప, తిరుపతి లాంటి చోట్లకి ఫ్యాన్‌లు తిరిగే చిన్న ఏటీఆర్ విమానాలు కూడా నడుస్తాయి. వాటి వేగం గంటకు 500 ప్రాంతంలోనే. అక్కడ 800 బదులు 500 వేయండి. బుక్ చేసేటప్పుడు విమానం రకం చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. మరీ దూరాలకి, అంటే పన్నెండు పదమూడు వేల కిలోమీటర్లకి, 850తో భాగిస్తే దగ్గరగా వస్తుంది.

4. గాలి ఎటు వీస్తోందో కలపండి

హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి దాదాపు 3 గంటల 55 నిమిషాలు పడితే, తిరిగి రావడానికి మూడున్నర గంటలు చాలు. దారి అదే, దూరం అదే. పైన, పది పదకొండు కిలోమీటర్ల ఎత్తులో, పడమర నుంచి తూర్పుకి గాలి నది లాగా ప్రవహిస్తూ ఉంటుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో దీని జోరు ఎక్కువ. గంటకు వంద కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే 830తో పోయే విమానం నేల మీది లెక్కలో 730తోనే కదులుతుంది. సీటు ముందు తెరలో మ్యాప్ పెట్టుకుని గ్రౌండ్ స్పీడ్ అన్న అంకె చూస్తూ కూర్చోండి, ఇది కళ్ళెదుట కనిపిస్తుంది.

కాబట్టి మన ప్రాంతాల నుంచి పడమరకి పోతుంటే సూత్రానికి కాస్త కలపండి, తూర్పుకి వస్తుంటే కాస్త తీసేయండి. డల్లాస్-దుబాయ్ లాంటి పెద్ద దూరంలో పోకకీ రాకకీ గంట, గంటన్నర తేడా వస్తుంది.

గాలి కాక ఇంకో అడ్డంకి ఉంది, దేశాల గగనతలం. 2019లో ఫిబ్రవరి చివరి నుంచి జులై దాకా పాకిస్తాన్ తన ఆకాశాన్ని మూసింది. 2025 ఏప్రిల్‌లో మన విమానాలకి మళ్ళీ మూసింది. దాంతో ఢిల్లీ నుంచి పశ్చిమానికి వెళ్ళేవి దక్షిణానికి మళ్ళి అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరిగాయి. హైదరాబాద్-దుబాయ్ దారి ఎలాగూ సముద్రం మీదుగానే కాబట్టి మనకి ఆ దెబ్బ తగల్లేదు. అన్నిటికంటే పెద్ద దెబ్బ తిన్నది ఫిన్‌లాండ్. హెల్సింకి నుంచి టోక్యోకి తొమ్మిదిన్నర గంటల్లో పోయే విమానం, 2022లో రష్యా ఆకాశం మూతపడ్డాక పదమూడు గంటల చిల్లర పడుతోంది. దారం లాగి కొలిచిన దూరానికి, నిజంగా ఎగిరే దూరానికి ఇలాంటి చోట పొంతన ఉండదు.

5. గడియారాల తేడా సరిచేయండి

మా అత్త తప్పటడుగు ఇక్కడే. టికెట్ మీద బయలుదేరే సమయం బయలుదేరే ఊరిది, దిగే సమయం దిగే ఊరిది. రెండు వేర్వేరు గడియారాలు. వాటిని నేరుగా తీసివేస్తే వచ్చేది ప్రయాణ సమయం కాదు.

చేయాల్సింది ఒక్కటే: దిగే సమయాన్ని కూడా మన సమయంలోకి మార్చి, అప్పుడు తీసివేయండి. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. సింగపూర్ రెండున్నర గంటలు ముందు. డల్లాస్ చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. మార్చి రెండో ఆదివారం వాళ్ళు గడియారం ముందుకు తిప్పుకుంటారు, నవంబర్ మొదటి ఆదివారం దాకా తేడా పదిన్నరే. లండన్‌తో చలికాలంలో ఐదున్నర, ఎండాకాలంలో నాలుగున్నర. లండన్ గడియారం తిప్పే తేదీలు అమెరికా తేదీలతో కలవవు, అది వేరే తలనొప్పి.

అత్త టికెట్ జనవరిది. కవరు వెనక రాసింది ఇలా ఉంది:

హైదరాబాద్‌లో బయలుదేరడం: 12వ తేదీ రాత్రి 9:40
దుబాయ్‌లో దిగడం: అక్కడి సమయం 13వ తేదీ రాత్రి 12:05, మన సమయం 1:35. అంటే 3 గంటల 55 నిమిషాలు.
దుబాయ్‌లో ఆగడం: 12:05 నుంచి 2:40 దాకా. 2 గంటల 35 నిమిషాలు.
డల్లాస్‌లో దిగడం: అక్కడి సమయం 13వ తేదీ పొద్దున 8:50, మన సమయం రాత్రి 8:20. అంటే రెండో విమానం 16 గంటల 10 నిమిషాలు.

మూడూ కలిపితే 22 గంటల 40 నిమిషాలు. ఇంకోలా సరిచూసుకోవాలంటే, టికెట్ మీద కనిపించే 11 గంటల 10 నిమిషాలకి తేడా పదకొండున్నర కలపండి. అంతే వస్తుంది. పడమరకి పోతే గడియారం తేడా కలపాలి, తూర్పుకి పోతే తీసేయాలి. సింగపూర్ టికెట్ మీద రాత్రి 11:30 నుంచి పొద్దున 6:30 అని ఏడు గంటలు కనిపిస్తే, రెండున్నర తీసేస్తే నాలుగున్నరే.

"మరి పోయిన పదకొండున్నర గంటలు ఏమైనట్టు?" అని అడిగింది అత్త. తిరిగొచ్చేటప్పుడు ఇచ్చేస్తారులే అన్నాను.

6. అర్ధరాత్రి విమానమైతే తేదీ మళ్ళీ చూడండి

హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కి, యూరప్‌కి వెళ్ళే విమానాల్లో ఎన్నో అర్ధరాత్రి దాటాకే. టికెట్ మీద "15, 00:45" అని ఉంటే, మీరు ఇంట్లోంచి బయలుదేరాల్సింది 14వ తేదీ సాయంత్రం. మన మాటల్లో "పదిహేను రాత్రి" అంటే పదిహేను పొద్దు గుంకాక వచ్చే రాత్రి. విమానం వాళ్ళ పదిహేను మాత్రం పద్నాలుగు రాత్రి పన్నెండు కొట్టగానే మొదలైపోతుంది. మా బావ ఇలాగే పదిహేను రాత్రి తొమ్మిదింటికి రెండు సూట్‌కేసులు, ఆవకాయ డబ్బాతో శంషాబాద్ గేటు దగ్గర దిగాడు. కాపలా జవాను టికెట్ చూసి, "ఇది నిన్న రాత్రిదండీ" అన్నాడట. ఆ డబ్బా ఆ రాత్రే మా ఇంటికి తిరిగొచ్చింది.

పన్నెండు నుంచి తెల్లవారుజాము నాలుగు మధ్యలో ఏ విమానం ఉన్నా, క్యాలెండర్‌లో ముందు రోజు గడిలో "ఈ సాయంత్రం బయలుదేరాలి" అని పెన్నుతో రాయండి.

7. మధ్యలో మారాల్సి వస్తే

ఒకే టికెట్ మీద రెండు విమానాలుంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా వేరే దాంట్లో ఎక్కించే బాధ్యత సాధారణంగా సంస్థదే. విడివిడిగా రెండు టికెట్లు కొంటే ఆ పూచీ ఉండదు. సామాను మీరే తీసుకుని మళ్ళీ ఇవ్వాల్సి రావచ్చు, దానికోసం ఆ దేశంలోకి అడుగుపెట్టే వీసా కూడా కావాల్సి రావచ్చు. వెయ్యి, రెండు వేలు మిగులుతాయని ఆ పని చేయకండి. చేయక తప్పదంటే మధ్యలో కనీసం ఐదారు గంటలు ఉంచుకోండి.

అబుదాబి మీదుగా అమెరికా వెళ్ళేవాళ్ళకి ఒక ముక్క. అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అబుదాబిలోనే అయిపోతుంది. కాబట్టి అక్కడ గంటన్నర దొరికిందని షాపులు చూస్తూ తిరక్కండి, ముందు ఆ వరసలో నిలబడండి. దానికి ఫలితంగా అమెరికాలో దిగాక నేరుగా సామాను తీసుకుని బయటికి నడిచిపోవచ్చు. దుబాయ్ మీదుగా వెళ్తే ఆ తనిఖీ అమెరికాలో దిగాకే. అక్కడి నుంచి ఇంకో ఊరికి మళ్ళీ విమానం ఉంటే, దిగిన మొదటి చోటే సామాను తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్ళీ అప్పగించాలి. దీనికి రెండున్నర, మూడు గంటలు లేకపోతే టెన్షనే.

8. గుమ్మం నుంచి గుమ్మానికి కట్టండి

దేశంలో తిరిగే విమానాలకి చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు. కాబట్టి రెండు గంటల ముందు, విదేశాలకి మూడు గంటల ముందు అక్కడుండాలి. అత్త లెక్క: ఖమ్మం నుంచి సూర్యాపేట మీదుగా వచ్చి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్ చేరడానికి నాలుగున్నర గంటలు. టీ కోసం, టైరు కోసం ఇంకో గంట. అంటే మధ్యాహ్నం ఒంటిగంటకల్లా భోంచేసి కారెక్కాలి. డల్లాస్‌లో ఇమిగ్రేషన్, సామాను, కూతురింటి దాకా కారు, కలిపి రెండున్నర గంటలు వేశాం. ఇల్లు చేరేసరికి మన గడియారంలో మర్నాడు రాత్రి 11. మొత్తం 34 గంటలు. పదకొండు అనుకున్న మనిషి ఆ అంకె చూసి కాసేపు మాట్లాడలేదు.

దగ్గరి ఊళ్ళకి ఈ మెట్టు ఇంకా ముఖ్యం. విశాఖకి విమానం గంటా పదిహేను నిమిషాలే. కూకట్‌పల్లిలో ఉంటే శంషాబాద్‌కి గంటన్నర, అక్కడ రెండు గంటలు, విమానం, దిగాక సామాను, ఆటో. ఆరు గంటల దగ్గరికి వస్తుంది. సికింద్రాబాద్-విశాఖ వందే భారత్ ఎనిమిదిన్నర గంటలు పడుతుంది, స్టేషన్‌కి అరగంట ముందు వెళ్తే చాలు. మీ ఇల్లు సికింద్రాబాద్ పక్కనే అయితే నేను రైలుకే ఓటేస్తాను.

9. ఆ వారంలో ఒకసారి, ఆ రోజు ఒకసారి

ప్రయాణానికి వారం ముందు ఫ్లైట్‌రాడార్24లో మీ విమానం నంబర్ కొట్టండి. గత కొన్ని రోజులుగా అది నిజంగా ఎన్నింటికి లేచిందో, ఎన్నింటికి దిగిందో వరసగా కనిపిస్తుంది. రోజూ నలభై నిమిషాలు ఆలస్యంగా లేస్తోందంటే మధ్యలో మారే సమయం సరిపోతుందో లేదో ముందే తెలిసిపోతుంది. ప్రయాణం రోజు పొద్దున మళ్ళీ చూడండి. మీ విమానం అప్పటికి ఏ ఊళ్ళో ఉందో కూడా కొన్నిసార్లు దొరుకుతుంది. ఇంకా అక్కడే ఉంటే ఇక్కడ మీరు తొందరపడి చేసేదేమీ లేదు, కానీ కౌంటర్ మూసే సమయం మాత్రం మారదు, వెళ్ళాల్సిన టైముకి వెళ్ళండి.

అత్త ఆ కవరు మడిచి పాస్‌పోర్ట్‌లో పెట్టుకుంది. చేతి గడియారం మాత్రం తిప్పనంది. "మన టైములో ఎనిమిది ఇరవై అయితే దిగినట్టే కదా, అంతే చూసుకుంటా" అని. దిగాక ఫోన్ చేసి మొదట చెప్పింది, "ఎనిమిది పది అయిందిరా, పది నిమిషాలు ముందే తెచ్చాడు."